ఎండాకాలంలో స్లాబ్: ఏ టైముకు పోయాలె?

ప్రశ్న: హన్మకొండలో ఇల్లు కడుతున్నం. 1000 చదరపు అడుగుల స్లాబ్, 5 అంగుళాల మందం, ఎం20 (కాంక్రీట్ బలం గ్రేడు), పీపీసీ (ఫ్లైయాష్ బూడిద కలిసిన) సిమెంట్. ఎండ 43 దాటుతున్నది. పొద్దున 9కి మిల్లర్ (కాంక్రీట్ కలిపే మిషన్) పెడతా, మాల్ (కలిపిన కాంక్రీట్) గట్టిపడితే నీళ్లు కలుపుకోవచ్చు అంటున్నడు మేస్త్రీ. సరేనా అన్నా?

జవాబు 1: రెండూ తప్పే తమ్మీ. మీ స్లాబ్‌కు దాదాపు 12 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్, 95 బస్తాల దాకా సిమెంట్ పడుతది. 9కి మొదలుపెడితే సగం పని నడినెత్తి ఎండలనే. సాయంత్రం 5 తర్వాత లైట్లు పెట్టుకొని పోయండి. తెల్లవారుజామున పోసినా పోత చల్లగనే అయితది గానీ, గట్టిపడే గంటలు మధ్యాహ్నం ఎండకు దొరుకుతయి.

ఎం20 నామినల్ మిక్స్‌కు (ల్యాబ్ డిజైన్ లేకుండ కట్టు కొలతలతో కలిపేదానికి) బస్తాకు 30 లీటర్లు మించొద్దు, ఇసుకల తడి కూడా అందులోనే లెక్క. అంతకు మించి పోసిన ప్రతి మగ్గూ బలం తగ్గిస్తది, పగుళ్లు పెంచుతది. దానికి బదులు నీళ్ల డ్రమ్ముల ఐసుగడ్డలు వేయండి, కరిగినంక కొలిచి పోయండి. కంకరకు ముందు రోజే నీళ్లు కొట్టి పట్టా కప్పండి. రిటార్డర్ (కాంక్రీట్ తొందరగ గట్టిపడకుండ ఆపే మందు) వాడితే డబ్బా మీదున్న మోతాదే, నీళ్లల్ల కలిపి. పోసే ముందు సెంట్రింగ్ రేకులు, కడ్డీ తడపండి, నీళ్లు నిలవొద్దు.

జవాబు 2: పగుళ్లు ఎక్కువ వచ్చేది ఫినిషింగ్ దగ్గర. వడగాలికి పైతడి ఎగిరిపోతది, లోపల ఇంకా పచ్చిగనే ఉంటది, పైపొర ముడుచుకొని చీలుతది. అప్పుడు పొడి సిమెంట్ చల్లి, నీళ్లు చిలకరించి తాపీ రుద్దుతరు. ఆ పొర తర్వాత పెచ్చులుగ లేస్తది. సెట్ కాకముందు సన్న చీలిక కనబడితే చెక్కతో గట్టిగ కొట్టి మూసి, మళ్లీ రుద్దండి. రుద్దిన భాగం మీద వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పండి. బొటనవేలు ఒత్తితే దిగనప్పుడు తడి గోనె సంచులు, తెల్లారి మళ్లు కట్టి నీళ్లు. పీపీసీ కాబట్టి 14 రోజులు. మధ్యాహ్నం ఎండిపోయి సాయంత్రం మళ్లీ నింపుడు క్యూరింగ్ (కాంక్రీట్‌ను తడిగ ఉంచుడు) కాదు.

జవాబు 3: వైబ్రేటర్ (కాంక్రీట్‌ను కుదిపి సందులు లేకుండ చేసే మిషన్) ఇంకొకటి దగ్గర పెట్టుకోండి. ముందు పోసిన పట్టీ అంచు మెత్తగ ఉన్నప్పుడే కొత్త మాల్ దానికి తగలాలె, లేకుంటే అక్కడ జాయింట్ పడి నీళ్లు కారుతయి. మిల్లర్ ఆగిపోతే స్పాన్ (రెండు దూలాల మధ్య దూరం) నడుమ మూడో వంతులో చెక్క అడ్డం పెట్టి నిలువుగ ఆపండి, దూలం పక్కన వద్దు.

ప్రశ్న: పెద్ద గది స్పాన్ 14 అడుగులు. స్లాబ్ కింది పోట్లు (ఆసరా కర్రలు) ఎప్పుడు తీయాలె?

జవాబు 1: 4.5 మీటర్ల లోపు స్పాన్‌కు ఐఎస్ 456 (కాంక్రీట్ పనికి భారత ప్రమాణం) చెప్పేది కనీసం 7 రోజులు, అది మామూలు ఓపీసీ (బూడిద కలపని) సిమెంట్‌కు. పీపీసీ మెల్లగ బలం పట్టుతది, 14 రోజులు ఉంచండి.