శాంక్షన్ అంటే మంజూరా, ఆంక్షా?

అందరికీ నమస్తే. బ్యాంక్ ఎగ్జామ్ కోసం రోజూ ఇంగ్లిష్ పేపర్ చదువుతున్నా, కష్టమైన మాటలు నోట్ బుక్‌లో రాసుకుంటున్నా. కానీ మొన్న నన్ను పడగొట్టింది కష్టమైన మాట కాదు, చిన్నప్పటి నుంచీ ఇంట్లో వింటున్న మాట. ఒక వార్తలో "శాంక్షన్డ్ ట్యాంకర్" ని సముద్రంలో ఆపేశారని ఉంది. శాంక్షన్ అంటే మనకి లోన్ శాంక్షన్, పోస్టుల శాంక్షన్ కదా, పర్మిషన్ ఉన్న ఓడని ఎందుకు ఆపారబ్బా అనుకుంటూ సగం ఆర్టికల్ తలకిందులుగా చదివేశా. తీరా చూస్తే అది నిషేధం పడ్డ ఓడ! ఒకే మాటకి మంజూరు, ఆంక్ష రెండూ ఎలా వచ్చాయండీ?

జవాబు: మూలం లాటిన్‌లో ఉందండీ. శాంకియో అంటే పవిత్రం చెయ్యడం, ఇక దాన్ని ఎవరూ మీరకూడదని కట్టడి చెయ్యడం. సెయింట్, శాంక్చువరీ కూడా ఆ కుదురువే. రోమన్ చట్టాల్లో "ఇది మీరితే ఇదీ శిక్ష" అని చెప్పే భాగాన్ని శాంక్షియో అనేవాళ్ళు. చట్టం ముద్ర పడింది అనే వైపు నుంచి ఆమోదం వచ్చింది, మీరితే పడేది అనే వైపు నుంచి దండన వచ్చింది. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగాక అమెరికా మన మీద పెట్టినవి ఈ రెండో రకం.

జవాబు: దీనికి లాటిన్ దాకా ఎందుకు సార్, మన దగ్గరే ఉందిగా. శాసనం, శాస్తి రెండూ శాస్ అనే ఒక్క ధాతువు నుంచే వచ్చాయి. రాజు వేయిస్తే శాసనం, మీరినవాడికి జరిగేది శాస్తి. శాస్త్రం, శిష్యుడు కూడా అందులోంచే. శిక్ష చూడండి, సంస్కృతంలో అది నేర్చుకోవడం, మనకి శిక్షణ అంటే ట్రైనింగ్, శిక్ష అంటే మాత్రం జైలు. మా ఊరి బడి గోడ మీద సర్వశిక్షా అభియాన్ అని రాసి ఉంటే "అందరికీ శిక్షేనా మాస్టారూ" అని ఒకడు అడిగి, అక్కడికక్కడే శిక్షా శిక్షణా రెండూ పొందాడు 😀

జవాబు: మందు కొట్టాడు అంటే పొలంలోనా బెల్ట్ షాపులోనా అన్నది ఎవరికీ డౌట్ రాదుగా, ఇదీ అంతే, పక్క మాట చూస్కోవాలి.

జవాబు: కోర్టు పని చేసేవాళ్ళకి ఇంకో తమాషా. అవినీతి నిరోధక చట్టం 1988, సెక్షన్ 19 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి మీద కేసు నడవాలంటే ముందు శాంక్షన్ కావాలి. అంటే శిక్ష దాకా వెళ్ళే దారికి మంజూరు.

పోస్ట్ పెట్టింది నేనే: శాస్తి భలే పట్టించారండీ, ఇక జన్మలో మర్చిపోను. పక్క మాట చూడమన్నారుగా, నిన్నంతా పాత పేపర్లు తిరగేశా. ప్లాన్, ఖర్చు, లోన్, ప్రవర్తన లాంటివాటిని శాంక్షన్ చేస్తే దాదాపు ఆమోదమే. మనిషినో, కంపెనీనో, దేశాన్నో, ఓడనో శాంక్షన్ చేస్తే దండన. అంటే "ఆటగాడి ప్రవర్తనని శాంక్షన్ చెయ్యలేదు" అంటే ఒప్పుకోలేదని, "ఆటగాణ్ణి శాంక్షన్ చెయ్యలేదు" అంటే వదిలేశారని. ఒక్క మాట తీసేస్తే తీర్పే తిరగబడింది! ఇంకోటి, నామవాచకంగా బహువచనంలో శాంక్షన్స్ అని ఉంటే వార్తల్లో నూటికి తొంభై సార్లు ఆంక్షలే.

రేపటికి ఓవర్‌సైట్ పెట్టుకున్నా. పర్యవేక్షణ అనీ ఉంది, చూసుకోక చేసిన పొరపాటు అనీ ఉంది. ఓవర్‌సైట్ కమిటీ అంటే ఏ కమిటీ అండీ?

జవాబు: మా ఆఫీసులో అయితే రెండూను.