ఊరెళ్ళి వచ్చిన ప్రతిసారీ అన్‌బౌండ్ చచ్చిపోతోంది

పాతడబ్బా
మూలన పడున్న డెస్క్‌టాప్‌కి ఉబుంటు ఎక్కించి అన్‌బౌండ్ (సైట్ల పేర్లకి అడ్రసులు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సర్వర్) పెట్టాను, డీఎన్‌ఎస్‌సెక్ (జవాబు అసలుదేనా అని సంతకంతో తేల్చేది) ఆన్. మొదట్లో డీఎన్‌ఎస్ వాడే 53 పోర్టు ఖాళీ లేదని మొరాయించింది, ఉబుంటులో ముందే ఉన్న సిస్టమ్‌డి-రిజాల్వ్‌డ్‌లో స్టబ్ లిజనర్ ఆపితే దారికొచ్చింది. ఇంటిల్లిపాదికీ అదే డీఎన్‌ఎస్. దసరాకి ప్లగ్గు పీకి ఊరెళ్ళి తొమ్మిది రోజులకొచ్చి ఆన్ చేస్తే అన్ని సైట్లకీ సర్వ్‌ఫెయిల్ అనే ఎర్రర్, ఏ పేరుకీ జవాబు లేదు. విసుగొచ్చి ఉబుంటు మళ్ళీ మొదట్నుంచి ఎక్కించా, బాగైంది. సంక్రాంతికి వెళ్ళొస్తే మళ్ళీ అదే కథ. ఎవరికైనా ఇలా అయిందా? పనిలో పని, ఫోన్లకి డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్ (ప్రశ్నలు ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే పద్ధతి) ఇవ్వాలంటే సర్టిఫికెట్ సంగతేంటి?

బైండ్‌బాబాయ్
ఏళ్ళ తరబడి ఆఫీసులో బైండ్ నడుపుతున్నా, అదీ డీఎన్‌ఎస్ సర్వరే. నా మాట విని డీఎన్‌ఎస్‌సెక్ తీసేయ్, పీడా పోతుంది. ఇంట్లో ముగ్గురికి అదెందుకు?

రూట్‌రాణి
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టుంది సలహా. 2008లో సెక్యూరిటీ పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ డీఎన్‌ఎస్ సర్వర్ దాచుకునే క్యాష్‌లో దొంగ జవాబులు ఎలా దూర్చొచ్చో చూపించాక కూడా ఈ మాటేనా?

బైండ్‌బాబాయ్
అప్పుడు రాత్రికి రాత్రి ప్యాచ్‌లు వేసినవాణ్ణమ్మా నేను. దానికి మందు ప్రశ్న బయల్దేరే సోర్స్ పోర్టుని ప్రతిసారీ మార్చడం. నాకు చరిత్ర పాఠాలొద్దు.

డల్లాస్_తమ్ముడు
అసలు ఇది సెక్యూర్ ఎలా అయింది అన్నా? అన్‌బౌండ్ రూట్ సర్వర్ల (డీఎన్‌ఎస్‌కి అన్నిటికన్నా పైన ఉండేవి) దగ్గర్నుంచి అందర్నీ 53 పోర్టు మీద బాహాటంగానే అడుగుతుంది. నెట్ ఇచ్చేవాడు తీరిగ్గా చదువుకుంటాడు. క్వాడ్9 అనే పబ్లిక్ డీఎన్‌ఎస్‌కి 853 (డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్ పోర్టు) మీద ఫార్వర్డ్ చెయ్యి.

రూట్‌రాణి
అంటే ఇంటిగుట్టు పక్కింటావిడకి తెలియకూడదని పక్కూరావిడకి చెప్పుకోవడం. జవాబు అసలుదేనా అన్నది ఒక ప్రశ్న, ఎవరు చూస్తున్నారన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపి వండకండి.

డల్లాస్_తమ్ముడు
పక్కూరావిడ నా వివరాలు ప్రకటనలవాళ్ళకి అమ్ముకోదు కదా.

రూట్‌రాణి
నువ్వు సైట్‌కి కనెక్టయ్యేటప్పుడు టీఎల్‌ఎస్ మొదటి పలకరింపులోనే దాని పేరు చాలాసార్లు తెరిచే ఉంటుంది. డీఎన్‌ఎస్ మూసి ఏం దాచావు?

ఓరుగల్లు_పోరడు
మీరిద్దరు గట్లనే కొట్లాడుకోండ్రి. మా ప్రొవైడర్ 53 పోర్టు ట్రాఫిక్‌ను నడుమలనే గుంజుకొని సొంత జవాబులిస్తుండె. అన్‌బౌండ్ రూట్‌ను అడిగిన అనుకుంటది, జవాబిచ్చేది వీడు. డీఎన్‌ఎస్‌సెక్ ఉండవట్టి దొంగతనం దొరికింది. ఆఖరికి 853 మీదనే ఫార్వర్డ్ పెట్టిన, వ్యాలిడేషన్ (సంతకాల తనిఖీ) మాత్రం నా డబ్బాల్నే. ఇద్దరు చెప్పింది కావాలె, అయిపాయె.

మిర్చిబజ్జీ
24 గంటలూ డెస్క్‌టాపా? 60 వాట్లు లాగినా నెలకి 43 యూనిట్లు. స్లాబు మారితే మీ ఆవిడ మీ డీఎన్‌ఎస్‌నే బ్లాక్ చేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ కొనుక్కోండి.

పాతడబ్బా
డబ్బా ఊరికే ఉంది కాబట్టే పెట్టానండీ బాబూ. సర్వ్‌ఫెయిల్ సంగతి ఎవరైనా చెప్తారా?

మిర్చిబజ్జీ
నేను పై-హోల్ (డీఎన్‌ఎస్‌లోనే యాడ్స్ ఆపేది) పెట్టి మా అత్తగారి ఫోన్‌లో యాడ్స్ ఆపాననుకున్నా. వారమంతా గొప్పలు చెప్పుకున్నా. తీరా చూస్తే ఆవిడ ఫోన్‌లో యాడ్స్ అలాగే ఉన్నాయి. రౌటర్ ఐపీవీ6లో ప్రొవైడర్ డీఎన్‌ఎస్‌నే పంచుతోంది, ఫోన్ హాయిగా అటు పోతోంది. అది కూడా చూసుకోండి.

కొత్తసుబ్బడు
నేను బయట్నుంచి కూడా వాడుకుందామని 0.0.0.0/0 కి, అంటే అందరికీ, అలౌ ఇచ్చి రౌటర్‌లో 53 తెరిచాను. స్పీడు బాగా పడిపోయింది, ఎందుకంటారు?

బైండ్‌బాబాయ్
ఒరేయ్ సుబ్బడూ, ముందు మూసెయ్! చిన్న ప్రశ్న దొంగ అడ్రసుతో పంపి పెద్ద జవాబు ఇంకొకడి నెత్తిన పోయిస్తారు నీ మిషన్‌తో. బయట్నుంచి కావాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టుకో.

రూట్‌రాణి
మొదటిసారి బాబాయ్‌తో ఏకీభవిస్తున్నా. పాతడబ్బా గారూ, టెర్మినల్‌లో డేట్ కొట్టి ఏమొచ్చిందో పెట్టండి.

పాతడబ్బా
అమ్మో. నేను ఊరెళ్ళిన రోజే చూపిస్తోంది.

రూట్‌రాణి
మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయింది. ప్లగ్గు పీకితే గడియారం ఆగింది, ఉబుంటు ఆఖరిసారి రాసిపెట్టుకున్న టైము దగ్గర లేచింది. ఈ మధ్య చేసిన సంతకాలన్నీ దానికి భవిష్యత్తులోవి, చెల్లవంటుంది. టైము సరిచేసుకోవాలంటే ఎన్‌టీపీ సర్వర్ (నెట్ మీద టైము చెప్పేది) అడ్రసు కావాలి, ఆ అడ్రసు చెప్పాల్సింది అన్‌బౌండే. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు. కొత్తగా ఎక్కించినప్పుడు ఇన్‌స్టాలర్ అన్‌బౌండ్‌ని అడగలేదు కాబట్టి టైము దిద్దుకుంది. సీఆర్2032 బ్యాటరీ ఒకటి వేయండి. ఎన్‌టీపీ డొమైన్‌ని అన్‌బౌండ్‌లో డొమైన్-ఇన్‌సెక్యూర్ (సంతకం చూడొద్దనే సెట్టింగు)లో కూడా పెట్టండి.

బైండ్‌బాబాయ్
నేనూ అదే చెప్పబోతున్నా.

ఓరుగల్లు_పోరడు
చెప్పబోయినవ్ గాని చెప్పలె బాబాయ్.

బైండ్‌బాబాయ్
సరే, రాసిపెట్టుకోండి. 2018 అక్టోబర్ 11న డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలకి మూలమైన రూట్ తాళంచెవి మార్చారు. మళ్ళీ 2026 అక్టోబర్ 11కి పెట్టారు. రూట్ కీ ఫైల్లో రాసుకునే అనుమతి అన్‌బౌండ్‌కి లేకపోతే ఆ రోజు మళ్ళీ ఇక్కడికే వస్తారు.

పాతడబ్బా
వాచీల కొట్లో బ్యాటరీ తెచ్చి వేశా, టైము చేత్తో పెట్టా, అన్నీ తెరుచుకుంటున్నాయి. రాణిగారూ, దండం. ఆ ఫైల్ అనుమతి చూస్తే ఓనర్ అన్‌బౌండ్ కాదు, రూట్ యూజర్ అని ఉంది, అది మార్చాలా?

డల్లాస్_తమ్ముడు
మార్చాలి. ఇప్పటికైనా 853 పెట్టు అన్నా.

రూట్‌రాణి
మళ్ళీ మొదలెట్టావా.