లిస్బన్ ప్రయాణానికి ముందు నేర్చుకోవలసిన పోర్చుగీసు మాటలు

ప్రశ్న (అమలాపురం): అమ్మాయి కాన్పుకు వచ్చే నెల లిస్బన్ వెళ్తున్నాము. ఇంగ్లీషు అంతగా రాని మా ఆవిడకు ముందుగా ఏ మాటలు నేర్పించాలో దయచేసి తెలియజేయగలరు.

జవాబు (రాజోలు): అయ్యా, విమానాశ్రయం బోర్డు మీద ‘పర్తీదష్’ అంటే బయలుదేరేవి, ‘షెగాదష్’ అంటే వచ్చేవి. ధన్యవాదాలకు మీరు ‘ఒబ్రిగాదు’ అనాలి, అమ్మగారు ‘ఒబ్రిగాద’ అనాలి. చెప్పేవారు ఆడా మగా అన్నదాన్ని బట్టే మాట మారుతుంది గాని, వినేవారిని బట్టి కాదు.

జవాబు (నరసాపురం): గుమ్మం దాటేటప్పుడు మనం ‘పోతాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అన్నట్టే, వారు మళ్ళీ కలిసేవరకు అనే అర్థంలో ‘అతె లోగు’ అంటారు, నాకెంతో ఇష్టమైన మాట. మేస్త్రీ, అల్మారా, అనాస కూడా పోర్చుగీసు నుంచి వచ్చినవే, అమ్మగారిని బెంగపడవద్దని చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. సారెకు సున్నుండలు చుడుతూనే ఆవిడ ‘ఒబ్రిగాద’ వల్లె వేస్తోంది.