విషయం: టబ్‌లో నీళ్లు పోవట్లేదు, అందరూ నా జడ వైపే చూస్తున్నారు

అక్కయ్యపాలెం నుంచి వెళ్లిన చెల్లి:

అందరికీ నమస్కారం. ఆగస్టులో చదువుకోడానికి షికాగో వచ్చాను, ముగ్గురం అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. వారం రోజుల నుంచి స్నానం చేస్తుంటే టబ్‌లో నీళ్లు పాదాలు మునిగేదాకా నిలిచిపోతున్నాయి, అరగంటకి గానీ పోవట్లేదు. మిగతా ఇద్దరివీ భుజాల దాకా కత్తిరించిన జుట్లు, నాది నడుం దాటిన జడ. గట్టిగా ఎవరూ అనకపోయినా నా వల్లే అనుకుంటున్నారని తెలుస్తోంది, నిన్న ఒకమ్మాయి కట్ చేయించుకోవచ్చుగా అని అనేసింది కూడా. దానికి తోడు ఈ నెలలో జుట్టు మరీ ఎక్కువ రాలుతోంది. షాపులో ఏదో లిక్విడ్ దొరుకుతుంది, పోస్తే కరిగిపోతుంది అంటున్నారు. పోసేయనా? అమ్మకి చెప్తే టెన్షన్ పడుతుందని చెప్పలేదు.

సీతమ్మధార అక్క:

చెల్లీ, ఆ లిక్విడ్ పోయకు. కొనేసి ఉంటే మూత తీయకుండా పక్కన పెట్టు, ఎందుకో కింద చెప్తాను. జడ సంగతి కూడా ఇప్పుడు తేల్చుకోవద్దు. కత్తిరించుకోవాలని నీకే ఉంటే ఎప్పుడైనా కత్తిరించుకో, టబ్ కన్నం కోసం మాత్రం వద్దు.

నేను తొమ్మిదేళ్లు న్యూజెర్సీలో ఉండి పోయినేడాది వైజాగ్ వచ్చేశాను. వెళ్లిన మొదటి చలికాలంలోనే నాకూ ఇదే జరిగింది. అక్కడ నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మన ఇళ్లలో బాత్రూం అంటే గచ్చంతా తడిసేదే. వాలు ఒక మూలకి ఉంటుంది, ఆ మూలలో నీళ్లు పోయే నహానీ ట్రాప్, దాని మీద స్టీలు జాలీ. నీ మెయిల్ చదివాక వెళ్లి మా బాత్రూంలో జాలీ ఎత్తి చూశాను. నిన్నటి తలంటు వెంట్రుకలు చక్రంలా చుట్టుకుని ఉన్నాయి, మధ్యలో షాంపూ సాచెట్ చింపిన మూల, పిల్లలు ఆర్కే బీచ్ నుంచి మోసుకొచ్చిన ఇసుక కొంచెం. చేత్తో తీసి చెత్తబుట్టలో వేశాను, అర నిమిషం పట్టింది. ఒకవేళ నాలుగు వెంట్రుకలు కిందికి జారినా అక్కడ గొట్టం మూడు, నాలుగు అంగుళాల వెడల్పు ఉంటుంది, పైన బకెట్‌తో దిమ్మరిస్తే కొట్టుకుపోతాయి. మీ టబ్ కింద ఉండే గొట్టం మామూలుగా అంగుళంన్నరే. పైగా కన్నంలో అడ్డంగా సన్నటి కడ్డీలు ఉంటాయి, కన్నాన్ని మూసే స్టాపర్ ఉంటుంది, ఆ కిందే గొట్టం వంపు తిరుగుతుంది. వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండాలి, మురుగు వాసన పైకి రాకుండా ఆపేవి అవే. మొదటి వెంట్రుక కడ్డీకి చుట్టుకుంటుంది, రెండోది దానికి చుట్టుకుంటుంది, ఇక షవర్ నుంచి సన్నగా పడే నీటికి వాటిని తోసే బలం ఎక్కడుంటుంది. అందుకే ఇక్కడ ఇన్నేళ్లు జడ వేసుకుని తిరిగినా రాని ఇబ్బంది అక్కడ మూడు నెలలకే వచ్చింది. నువ్వు చేసిన తప్పేం లేదు.

ఇంకో సంగతి, కొబ్బరి నూనె. అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి పొద్దుటి పూట సీసాలో తెల్లగా పేరుకుంటే అమ్మ ఎండలో పెట్టేది గుర్తుందా, మిగతా ఏడాదంతా నీళ్లలాగే ఉంటుంది. షికాగోలో గొట్టాలు అంతకంటే చల్లగా ఉంటాయి. తలకి పట్టించిన నూనె వేడినీళ్లతో, షాంపూతో కరిగి కిందికి దిగుతుంది, ఆ చల్లటి వంపులోకి వెళ్లేసరికి మళ్లీ పేరుకుంటుంది. దానికి సబ్బు మడ్డి, వెంట్రుకలు తోడైతే తాడు పేనినట్టే. సున్నిపిండి వాడుతున్నావా? వాడితే టబ్‌లో ఆపెయ్యమ్మా, పిండి తడికి ఉబ్బి ఆ తాడుకి అతుక్కుంటుంది. కుంకుడుకాయ అయితే పులుసు పల్చటి గుడ్డలో వడకట్టి వాడుకో. గోరింటాకు పెట్టుకుంటే మొదటిసారి కడిగిన నీళ్లు బకెట్‌లో పట్టి, మడ్డి అడుగుకి దిగాక చెత్తలో వెయ్యి.

ఇప్పుడు అడ్డు ఎలా తీయాలో చెప్తాను. ఈ రోజే చెయ్యి. హార్డ్‌వేర్ షాపులో గానీ పెద్ద సూపర్‌మార్కెట్‌లో గానీ పొడుగాటి సన్నటి ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది, రెండు వైపులా రంపంలా ముళ్లు ఉంటాయి, మూరెడు పైన పొడవు, కొద్ది డాలర్లే. చేతులకి గ్లవ్స్ వేసుకో. ముందు స్టాపర్ తీయాలి. కొన్నింటిని ఎడమవైపు తిప్పితే స్క్రూలా ఊడొస్తాయి, కొన్నింటికి మీద బుడిపె తీస్తే లోపల స్క్రూ కనపడుతుంది. బలవంతంగా లాగకు, తెలియకపోతే ఫొటో తీసి ఇక్కడ పెట్టు. స్టాపర్ వచ్చాక పట్టీని మెల్లగా లోపలికి దింపు, ఎక్కడైనా ఆగితే కాస్త తిప్పి మళ్లీ దింపు, ఇక దిగదు అనిపించాక నెమ్మదిగా పైకి లాగు. మొదటిసారి తీసినప్పుడు నాకు బాగా గుర్తు: వేలు లావున నల్లటి తాడు, దాని చుట్టూ బూడిద రంగు జిగురు, పిసికితే కొవ్వొత్తి మైనంలా చేతికి అంటుకుంది, కుళ్లిన నీళ్ల వాసన. లాగుతూనే ఉన్నాను, జానెడు, ఇంకో జానెడు, వస్తూనే ఉంది. చివర అది ఊడి రాగానే నిలిచిన నీళ్లన్నీ గుడగుడమని ఒక్కసారిగా దిగిపోయాయి. పక్కన ఒక పాలిథిన్ కవర్ తెరిచి ఉంచుకో, తీసింది నేరుగా అందులో వేసి ముడి వెయ్యి. రెండు మూడుసార్లు దింపితే గానీ మొత్తం రాదు. ఆఖర్న గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం పోసి కుళాయి వేడినీళ్లు అయిదు నిమిషాలు వదులు. కుళాయి వేడి చాలు, మరిగించిన నీళ్లు పోయకు. పీవీసీ గొట్టాలు సుమారు 60 డిగ్రీలు దాటితే మెత్తబడతాయి, వెంట్రుక మాత్రం మరిగే నీళ్లకీ కరగదు. వంటసోడా, వెనిగర్ పోయమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. ఆ రెండూ కలిసి నురగ వచ్చి ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, వెంట్రుకని ఏమీ చేయలేవు.

పట్టీతో రాకపోతే కన్నం మీద పెట్టి నొక్కే రబ్బరు ప్లంజర్ వాడు, కాకపోతే టబ్ గోడకి పైన ఇంకో కన్నం ఉంటుంది చూడు, నీళ్లు నిండితే పోవడానికి పెట్టింది, దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూసి అప్పుడు నొక్కు. అది మూయకపోతే గాలంతా అటే పోతుంది.

లిక్విడ్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. ఆ సీసాల్లో చాలావాటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా, కొన్నింటిలో దాంతో పాటు బ్లీచ్ కూడా ఉంటుంది. వెంట్రుకని అది కరిగిస్తుంది, నిజమే, మన చర్మాన్ని కూడా అలాగే కరిగిస్తుంది. నేను మొదటి ఏడాది ఒక సీసా మొత్తం పోశాను. అడ్డు గట్టిది, పోలేదు. గంట చూసి, ఆ నీళ్ల మీదే ప్లంజర్ వేసి నొక్కాను. చిమ్మి మోచేతి కింద పడింది. మొదట జారుడుగా సబ్బు పడ్డట్టు అనిపించింది, తర్వాత మంట మొదలైంది. ఇరవై నిమిషాలకి పైగా కుళాయి కింద చెయ్యి పెట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. మచ్చ ఇప్పటికీ ఉంది. అదే కంట్లో పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ భయమేస్తుంది. కాబట్టి ఎవరైనా ఇప్పటికే పోసి ఉంటే ప్లంజర్ జోలికి వెళ్లొద్దు, రిపేరుకి వచ్చే మనిషికి ఇది పోశాం అని ముందే చెప్పాలి, లేకపోతే ఆయన తెలియక చెయ్యి పెడతాడు.

ఇంకొకటి మీ ముగ్గురూ కలిసి చదవండి. మన ఇళ్లలో బాత్రూంకి యాసిడ్ పోసి కడగడం అలవాటు, టాయిలెట్ కడిగే సీసాల్లో కూడా కొన్నింటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అక్కడ చాలా ఇళ్లలో బ్లీచ్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ లేని చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒకటి వాడిన చోట రెండోది ఎప్పుడూ పోయకండి.

పట్టీతో, ప్లంజర్‌తో రెండు రోజుల్లో పని కాకపోతే అపార్ట్‌మెంట్ వాళ్లకి మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టెయ్యండి. లీజులో డ్రెయిన్ అడ్డుపడితే ఖర్చు ఎవరిదని రాసుందో ముందు చూసుకోండి. ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే అక్కడ టబ్ బయట నేల మీద తూము ఉండదు, పొర్లిన నీళ్లు కింది ఫ్లాట్ సీలింగ్‌లోకే దిగుతాయి. స్నానం చేసేటప్పుడు కర్టెన్ అంచు టబ్ లోపలికే ఉండాలి, ఇది కొత్తగా వెళ్లినవాళ్లు చాలామంది మర్చిపోతారు.

గాజువాక తమ్ముడు, లండన్:

అక్క చెప్పింది అమెరికా టబ్ సంగతి. యూకే వచ్చేవాళ్లకి చిన్న మాట. ఇక్కడ చాలా ఇళ్లలో షవర్ ట్రే ఉంటుంది, దాని మీది గుండ్రటి మూత లాగితే వస్తుంది, కింద గ్లాసు లాంటి ట్రాప్ ముక్క కూడా చాలావాటికి పైనుంచే బయటికొస్తుంది. కడిగి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టి, మగ్గుడు నీళ్లు పోయాలి, లేకపోతే వాసన వస్తుంది. నాకు గడ్డం తప్ప పెద్ద జుట్టేం లేదు, మా ఆవిడ వచ్చాక తెలిసింది ఇది. ఇప్పుడు ప్రతి ఆదివారం నేనే తీస్తాను.

పెందుర్తి పిన్ని:

అమ్మాయ్, నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే గానీ రాయను. నీ మెయిల్ చూసి ఉండబట్టలేక రాస్తున్నా. మా చిన్నప్పుడు దువ్వుకున్నాక రాలిన చిక్కు వెంట్రుకల్ని మా అమ్మ వేలికి చుట్టి ఉండ చేసి ఒక డబ్బాలో దాచేది, వీధిలోకి జుట్టు కొనేవాళ్లు వస్తే ఇచ్చి స్టీలు గిన్నెలో, పిన్నీసులో తీసుకునేది. ఒక్క వెంట్రుక నేల మీద ఉంచేది కాదు. తలకి పోసుకునే ముందు పూర్తిగా చిక్కు తీయించేది, తీయకుండా నీళ్ల దగ్గరికి వెళ్తే ఒప్పుకునేది కాదు. నువ్వూ అదే చెయ్యమ్మా, ఎలాగూ రాలే వెంట్రుకలు దువ్వెనకే వచ్చేస్తాయి, నీళ్లలోకి రావు.

సీతమ్మధార అక్క:

పిన్నిగారూ, నేను రాద్దామనుకున్నది మీరే రాసేశారు. చెల్లీ, అన్నిటికంటే ఇది ముఖ్యం. తలస్నానానికి ముందు పొడి జుట్టుని కింది కొసల నుంచి పైకి, నిదానంగా చిక్కు తీసుకో. ఒక పాత పేపరు పరుచుకుని కూర్చుంటే ఏరుకోనక్కర్లేదు. నూనె పెట్టుకున్న రోజు షాంపూకి ముందు పాత తువ్వాలుతో జడంతా ఒత్తి తుడిచెయ్యి, సగం నూనె దానికే పోతుంది. స్నానంలో చేతికి వచ్చిన వెంట్రుకల్ని కిందికి వదలకుండా టైల్ గోడకి అతికించి, అయ్యాక టిష్యూతో తీసి చెత్తలో వెయ్యి. టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయొద్దు, అక్కడా అదే గొడవ. ఇక కన్నం మీద ఒక జాలీ తప్పనిసరి. టబ్‌ష్రూమ్ అని సిలికాన్‌ది దొరుకుతుంది, కన్నం లోపల కూర్చుంటుంది, వెంట్రుకలు దాని చుట్టూ చుట్టుకుంటాయి. పైన పెట్టే సిలికాన్ మూత కూడా మంచిదే. ఏదైనా ప్రతి స్నానం తర్వాత తీయాలి, స్నానం చేసినవాళ్లే తీయాలి. ఈ ఒక్క నియమం ముగ్గురూ పెట్టుకుంటే మీ మధ్య మాట రాదు.

జుట్టు రాలడం గురించి. మనిషికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, పొట్టి జుట్టుకైనా పొడుగు జుట్టుకైనా లెక్క దాదాపు అంతే. నీవి 80 రాలితే, ఒక్కొక్కటి 30 అంగుళాలు అనుకో, కొస కొస కలిపితే 200 అడుగులు. వాళ్లవీ 80 రాలతాయి, కాకపోతే పొట్టివి కాబట్టి కళ్లకి కనపడవు. తీసిన తాడులో వాళ్ల వెంట్రుకలు కూడా ఉంటాయి, చూడు. ఇక ఈ నెలలో ఎక్కువైంది అన్నావు. జ్వరం వచ్చినా, తిండి తగ్గినా, పెద్ద ఒత్తిడి పడినా రెండు మూడు నెలలకి జుట్టు ఒక్కసారిగా రాలుతుంది. ఆగస్టులో ఇల్లు వదిలావు, ఇప్పుడు నవంబరు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. సరిగ్గా తింటున్నావా? పప్పు, గుడ్డు మానేయకు. కొన్ని చోట్ల బిళ్లలుగా ఊడిపోతున్నా, ఆరు నెలలైనా తగ్గకపోయినా యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లి చూపించు.

అక్కయ్యపాలెం నుంచి వెళ్లిన చెల్లి:

అక్కా, తీశాను! ఇద్దరూ పక్కనే నిలబడి కవర్ పట్టుకున్నారు. మూడుసార్లు దింపాను, మీరన్నట్టే గుడగుడమని పోయాయి. అందులో గోధుమ రంగు పొట్టి వెంట్రుకలు కూడా చాలా ఉన్నాయి, కట్ చేయించుకోమన్నమ్మాయి తనే చూసి సారీ చెప్పింది. లిక్విడ్ సీసా షాపులో తిరిగి ఇచ్చేశాం. పిన్నిగారూ, మీ మెయిల్ చదివి అమ్మకి ఫోన్ చేశాను, మొత్తం చెప్పేశాను, కాసేపు ఏడ్చాను కూడా. అమ్మానాన్న డిసెంబరులో వస్తున్నారు, పూర్ణా మార్కెట్‌లో స్టీలు జాలీ కొని తెమ్మంటారా?

సీతమ్మధార అక్క:

అమ్మకి చెప్పావు, చాలా మంచి పని చేశావు. జాలీ మాత్రం ఇక్కడి నుంచి వద్దు, మన నహానీ ట్రాప్ కొలతలు మీ టబ్‌కి సరిపోవు. నువ్వే స్కేలు పెట్టి కన్నం వెడల్పు కొలువు, లోపలి కడ్డీలు ఎంత లోతులో ఉన్నాయో కూడా చూడు. అవి మరీ పైకి ఉంటే లోపల కూర్చునే రకం పట్టదు, పైన పెట్టేదే కొనాలి. అమ్మని వెడల్పు పళ్ల కొయ్య దువ్వెన ఒకటి తెమ్మను. అలాగే వాష్‌బేసిన్ కూడా నెమ్మదిగా పోతోందా చూసి రాయి, దాని స్టాపర్ కింది నుంచి ఒక కడ్డీకి తగిలించి ఉంటుంది, నట్టు విప్పే ముందు బకెట్ పెట్టుకోవాలి. ఆ ఫొటో పంపితే ఎటు తిప్పాలో చెప్తాను.