థాంక్స్‌గివింగ్‌కి లైబ్రేరియన్ పిల్లలకు థాంక్స్ చెప్పడం తప్పా?

పుస్తకాల_పిన్ని (డాలస్ దగ్గర)

నేను టెక్సస్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో లైబ్రేరియన్‌ని. తొమ్మిదేళ్ళయింది. ఇక్కడ నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ కదా, మాకు ఆ వారమంతా సెలవులు. సెలవులకు ముందు ప్రతి క్లాసులోనూ రంగుకాగితాన్ని ఆకులాగా కత్తిరించి, ఎవరికి థాంక్స్ చెప్పాలనుకుంటున్నారో పిల్లల చేత రాయించి గోడకు అంటిస్తారు. అమ్మకి, టీచర్‌కి, కుక్కపిల్లకి, ఇలా రాస్తారు. ఈసారి నేనే కూర్చుని 62 మంది పిల్లలకు చిన్న చిన్న కార్డులు రాసి, వాళ్ళు సెలవులకు తీసుకెళ్తున్న పుస్తకాల్లో పెట్టి ఇచ్చాను.

ఊరికే "నువ్వు మంచి పిల్లవి" అని రాయలేదు. మూడో క్లాసు బాబు ఒకడు ఆగస్టులో వచ్చి "మా నానమ్మ ఇండియా నుంచి వచ్చింది, ఆవిడ చదవగలిగే పుస్తకం ఉందా" అని అడిగాడు. అప్పటికి మా దగ్గర ఒక్క తెలుగు పుస్తకం లేదు, తెలుగుదాన్నయ్యుండి నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు పదకొండున్నాయి. వాడికి థాంక్స్ చెప్పొద్దా? ఐదో క్లాసు అబ్బాయి ఇంకొకడు, చదవడానికి బాగా కష్టపడే తన స్నేహితుడికి లంచ్ టైంలో రోజూ పుస్తకం చదివి వినిపిస్తున్నాడు. మా రాష్ట్రంలో బ్లూబానెట్ అవార్డు అని ఒకటుంది, జాబితాలోని పుస్తకాల్లో కనీసం ఐదు చదివిన లేదా విన్న పిల్లలే ఓటు వేసి ఏది గెలవాలో తేలుస్తారు, ఆ స్నేహితుడు కూడా ఓటు వేయాలని వీడి పట్టుదల. ఇంకో చిన్నది నీళ్ళలో తడిసి ఉబ్బిపోయిన పుస్తకాన్ని టవల్‌లో చుట్టి తెచ్చి, తప్పు నాదే అని ఏడుస్తూ ఇచ్చింది. పుస్తకాలు వాపసు వేసే బుక్ డ్రాప్‌లో పడేసి వెళ్ళిపోతే నాకు తెలిసేది కూడా కాదు.

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళే లైన్‌లో తెలిసిన తెలుగావిడ ఒకరు, "మీరు పిల్లలకు థాంక్స్ చెప్పడమేంటండీ, వాళ్ళు కదా మీకు చెప్పాల్సింది, ఇప్పటికే ఇక్కడి పిల్లలకు పెద్దా చిన్నా తెలియట్లేదు" అన్నారు. కోపంగా కాదు, నా మంచికోరే అన్నారు. రెండు రోజులుగా అదే తిరుగుతోంది బుర్రలో. మీరేమంటారు?

తెనాలి_మాస్టారు

అమ్మా, నేను 31 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. మీ మనసు మంచిది, అందులో అనుమానం లేదు. కానీ ఆవిడ మాట కొట్టిపారేయకండి. పిల్లవాడు మంచి పని చేస్తే భుజం తట్టి శభాష్ అంటాం. అది మెచ్చుకోలు. కృతజ్ఞత వేరు, మేలు పొందినవాడు మేలు చేసినవాడికి చెప్పేది. తడిసిన పుస్తకం తెచ్చిచ్చినందుకు థాంక్స్ అంటే, నిజం చెప్పడం వాడి ధర్మం కాదు, మనకు చేసిన సాయం అని నేర్పినట్టు కాదా? రేపు ఎవరూ థాంక్స్ చెప్పకపోతే నిజం చెప్పడం మానేస్తాడా?

ఇంకో మాట. స్కూల్లో ఎంతమంది పిల్లలు? 62 మందికి కార్డు వస్తే మిగతావాళ్ళు పుస్తకం తెరిచి చూసుకుని ఏమనుకుంటారు? నా సర్వీసులో బహుమతులిచ్చిన ప్రతిసారీ రానివాళ్ళ మొహాలే నాకు గుర్తుండిపోయాయి.

ఎడిసన్_నాన్న

మాస్టారూ, మీరంటే గౌరవమే, కానీ ఒప్పుకోలేను. మా నాన్న నాకు ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు, మనిళ్ళలో ఆ అలవాటే లేదు. ప్రేమ లేక కాదు. కానీ నేను పొలానికి క్యారేజీ తీసుకెళ్ళిన రోజుల్లో, ఎండలో మూడు కిలోమీటర్లు నడిచి వెళ్తే, "ఈ పిల్లాడు రాకపోతే ఈ పూట నాకు అన్నం లేదు" అని పక్క చేనాయనతో అనడం ఒకసారి విన్నాను. నలభై ఏళ్ళయినా ఆ మాట మర్చిపోలేదు. అది మెచ్చుకోలు కాదండీ, కృతజ్ఞతే, కాకపోతే నా మొహం మీద చెప్పలేదు.

నా సందేహం వేరే. మా అమ్మాయి రెండు పుస్తకాలు పోగొట్టింది, అవి తేల్చేదాకా కొత్తవి ఇచ్చేది లేదన్నారు వాళ్ళ స్కూల్లో. ఆరు వారాలుగా వట్టి చేతులతో వస్తోంది. పబ్లిక్ లైబ్రరీలే ఆలస్యపు జరిమానాలు ఎత్తేస్తున్నాయి, 2019లో షికాగో ఎత్తేసింది, 2021లో న్యూయార్క్ ఎత్తేసింది. పిల్లల మీద అంత కృతజ్ఞత ఉంటే ముందు ఆ తలుపు తెరవాలి కదా? కార్డు తర్వాత.

బీరువా_తాళం (నల్గొండ జిల్లా)

మీరు కార్డు గురించి వాదించుకుంటుంటే మా స్కూలు గుర్తొచ్చి రాస్తున్నాను. మాకు లైబ్రేరియన్ పోస్టే లేదు, తెలుగు చెప్పే నాకే లైబ్రరీ ఇన్‌ఛార్జి అప్పగించారు. పుస్తకాలన్నీ రెండు బీరువాల్లో, తాళం నా దగ్గర. నాలుగేళ్ళు ఆ తాళం తీయలేదు. ఎందుకంటే స్టాక్ రిజిస్టర్‌లో ఒక్క పుస్తకం తగ్గినా సమాధానం చెప్పాల్సింది నేను, ఆ టెన్షన్. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు ఉపయోగించడం కోసం అని. టీచర్ ట్రైనింగ్‌కి డైట్‌లో చేరినప్పుడు చదువుకున్నా, పరీక్షలో రాశా, తర్వాత బీరువాకి తాళం వేశా.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, రెండేళ్ళ క్రితం ఆ వారంలో ఫొటో కోసం బీరువా తెరిచాం. ఫొటో అయిపోయాక తాళం వేయబోతుంటే ఏడో తరగతి అమ్మాయి "సార్, ఇది సగం చదివాను, రేపు కూడా తెరుస్తారా" అంది. తెరిచాను. మర్నాడు నలుగురొచ్చారు. ఇప్పుడు ఆ పిల్లలే ఒక నోటుబుక్కులో రాసుకుని ఇచ్చిపుచ్చుకుంటున్నారు, నేను సంతకం పెడతానంతే. పోయినవి మూడు. ఆ మూడూ నేనే కొనిపెట్టాను.

మాస్టారూ, ఇందులో మేలు పొందింది నేనా, ఆ అమ్మాయా? నా వృత్తి నాకు తిరిగిచ్చింది ఆ పిల్ల. పోయిన ఏడాది ఎనిమిదో తరగతికి వేరే స్కూలుకి వెళ్ళిపోయింది, నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. పిన్నిగారూ, మీరు చెప్పారు, మంచి పని చేశారు.

బోస్టన్_శ్రీ

కార్డులు సరే, కానీ ఈ పండగకే ముడిపెట్టాలా అక్కా? 1621లో ఇంగ్లండ్ నుంచి ప్లిమత్‌కి వలసొచ్చినవాళ్ళూ, స్థానిక వాంపనోగ్ తెగవాళ్ళూ కలిసి తిన్న విందు అని స్కూళ్ళలో చెప్పే కథలో వాంపనోగ్ ప్రజలకు ఆ తర్వాత ఏం జరిగిందో ఉండదు. 1970 నుంచి ప్లిమత్‌లో స్థానిక తెగలవాళ్ళు ఇదే గురువారాన్ని జాతీయ సంతాప దినంగా పాటిస్తున్నారు, నేను పోయినసారి వెళ్ళి చూశాను, అక్కడ నిలబడ్డాక "హ్యాపీ థాంక్స్‌గివింగ్" అనడానికి నోరు రాలేదు. ఇంకొకటి, మీరు ఏమీ అనుకోకపోతే. హ్యూస్టన్‌లో 2023లో 28 స్కూళ్ళలో లైబ్రేరియన్ పోస్టులు తీసేశారు. పిల్లలు రాకపోతే ఉద్యోగమే ఉండదన్న భయం కూడా ఈ థాంక్స్‌లో ఉందా?

పుస్తకాల_పిన్ని

శ్రీ, ఉంది. దాచడం ఎందుకు. హ్యూస్టన్ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ పిల్లలొస్తున్నారని పోస్టులు మిగలవమ్మా, ఆ 28 స్కూళ్ళలోనూ పిల్లలున్నారు కదా. కార్డు రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఉద్యోగం లేదు, టవల్‌లో చుట్టిన పుస్తకం ఉంది. పండగ సంగతి నువ్వన్నది నిజం. నవంబర్ ఇక్కడ స్థానిక అమెరికన్ల వారసత్వ మాసం కూడా, వాళ్ళు రాసిన పుస్తకాలే ముందు టేబుల్ మీద పెట్టాను, కార్డుల మీద ఆ వలసొచ్చినవాళ్ళ ఓడ బొమ్మలూ టోపీలూ వేయలేదు.

మాస్టారూ, నిజం చెప్పడం ధర్మమే. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ ధర్మం ఎంత బరువో ఆ రోజు చేతులు వణకడం చూశాను, శభాష్ అనడానికి నాకు మనసు రాలేదు. అందుకే థాంక్స్ అన్నాను, మళ్ళీ అయినా అంటాను. అయితే మీ రెండో మాట దగ్గర నేను తప్పు చేశాను. సెలవుల ముందు రోజు రెండో క్లాసు బాబు ఒకడు షెల్ఫులోంచి తీసిన పుస్తకాన్ని తలకిందులు చేసి దులపడం చూశాను, ఏదో ఆట అనుకున్నాను. మీ పోస్టు చదివాక అర్థమైంది.

తెనాలి_మాస్టారు

అమ్మా, ఆ పిల్లవాడి సంగతి ముందు చూడండి. మిగతా వాదన మనం తీరిగ్గా చేసుకుందాం. నల్గొండ సార్, ఆ అమ్మాయి ఏ ఊళ్ళో ఉందో కనుక్కుని ఒక ఉత్తరం రాయండి. నేను ఇంకా ఒప్పుకోలేదు, కానీ మీరు రాయండి.

పుస్తకాల_పిన్ని

లెక్క వేశానండీ. మా స్కూల్లో 550 మంది, ఏడాదికి 36 వారాలు, అంటే వారానికి పదిహేను, పదహారు కార్డులు. శుక్రవారం చివరి పీరియడ్ ఖాళీ ఉంటుంది, అప్పుడు రాయొచ్చు. అందరికీ రాయాలంటే అందర్నీ గమనించాలి, కొంతమంది గురించి ఏం రాయాలో ఇప్పుడు నాకు నిజంగా తెలియదు, తెలుసుకోవాలి. ఎడిసన్ గారూ, పుస్తకాలు పోగొట్టుకున్నారని ఆపేసిన పిల్లలు మా దగ్గర 19 మంది, సోమవారం ప్రిన్సిపల్‌తో మాట్లాడి కనీసం ఒక్కో పుస్తకమైనా ఇప్పిస్తాను. ఆ జాబితా తీసి చూస్తే, పుస్తకం దులిపిన బాబు పేరు అందులో కూడా ఉంది.