మద్రాస్ సాపర్స్ పతకాల జత: ఆన్‌లైన్ వేలంలో పాట పాడే ముందు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి):

అయ్యా, నమస్కారం. మన జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో సైన్యంలో పనిచేసినవారి పతకాలు సేకరించాలని నా కోరిక. బ్రిటన్‌కు చెందిన ఒక వేలం వెబ్‌సైటులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి జత ఒకటి కనిపించింది. అందులో ఒకటి వెండి బ్రిటిష్ వార్ మెడల్, రెండవది కంచు విక్టరీ మెడల్. మద్రాస్ సాపర్స్ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) సైనికునివని వివరణలో రాశారు గానీ, ముందువైపు, వెనుకవైపు ఫొటోలు తప్ప మరేమీ పెట్టలేదు. ఒకదానిపై 1914–1918 అని, మరొకదానిపై 1914–1919 అని ఉండటంతో నకిలీవేమోనని అనుమానం కలిగింది. ఎంతవరకు పాడవచ్చు? అదే అమ్మకందారు వద్ద 1907 నమూనా బయొనెట్ (తుపాకీ మొనకు తగిలించే కత్తి) కూడా ఉంది. రెండూ కలిపి తెప్పించుకుంటే పార్సిలు ఖర్చు కలిసివస్తుందా?

సమాధానం (తిరుపతి నుంచి):

నమస్కారమండీ. సంవత్సరాల తేడా గురించి మీరు బెంగపడనక్కరలేదు. వార్ మెడల్‌పై 1914, 1918 అనీ, విక్టరీ మెడల్ వెనుకవైపు 1914–1919 అనీ ఉండటమే సరైన పద్ధతి. రెండింటిపైనా ఒకే సంవత్సరాలు కనిపిస్తేనే అనుమానించాలి.

మీరు అడగవలసింది అంచు ఫొటో. ఈ రెండు పతకాల ముఖాలూ లక్షలాది మందికి ఒకే అచ్చుతో వచ్చినవే కాబట్టి, ఒక పతకాన్ని ఫలానా సైనికునిదిగా నిలబెట్టేది అంచుమీద ఒత్తిన సంఖ్య, హోదా, పేరు, దళం మాత్రమే. అంచు చుట్టూ తిప్పుతూ, పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన మూడు నాలుగు ఫొటోలు పంపమని రాయండి. అడిగినా పంపని అమ్మకందారు వద్ద పాట పాడకపోవడమే మేలు. మరొక విషయం: ఆ యుద్ధకాలంలో ఆ దళం అధికారిక నామం ‘సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్’, ‘మద్రాస్’ అన్న మాట తిరిగి 1923లో అందులో చేరింది. కాబట్టి అంచుమీద మద్రాసు పేరు లేనంత మాత్రాన దాన్ని తోసిపుచ్చకండి.

పాత పేరును ఆకురాయితో అరగదీసి, గిరాకీ ఉన్న దళం పేరు కొత్తగా కొట్టించే వారున్నారు. అలా చేసినప్పుడు అంచు పలచబడి, పతకం అడ్డుకొలత తగ్గుతుంది. అసలు కొలత 36 మిల్లీమీటర్లు. అరగదీసిన పతకంలో, రిబ్బన్ కడ్డీని పట్టి ఉంచే కొక్కెం దగ్గర అంచుకూ దానికీ మధ్య సన్నని సందు కనిపిస్తుంది. మూస తీసి పోత పోసిన నకిలీలు కూడా లోహం చల్లారి కుదించుకుపోవడం వల్ల రవ్వంత చిన్నవిగా ఉంటాయి. పైగా అక్షరాల మొనలు మొద్దుబారి, బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగంలో సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. వెర్నియర్ కాలిపర్‌పై పెట్టి తీసిన ఫొటో అడగడంలో మొహమాటం అక్కరలేదు. అయస్కాంతం అంటుకుంటే అది నకిలీయే, ఎందుకంటే వెండిగానీ కంచుగానీ అంటుకోవు. అంటుకోనంత మాత్రాన అసలైనదని మాత్రం అనుకోవద్దు. వార్ మెడల్‌ను శ్రామిక దళాల వారికి కంచుతోనూ ఇచ్చారు, కనుక వెండిది కాదని దేన్నీ తీసిపారేయకండి.

ధర విషయంలో, హెచ్చుపాట ఒక్కటే మీరు కట్టే మొత్తం కాదు. దానిపై కొనుగోలుదారు రుసుము (పేరున్న వేలం సంస్థల్లో ఇది తరచు 20 శాతం దాటుతుంది), పార్సిలు, బీమా, ఇక్కడి కస్టమ్స్ సుంకం చేరతాయి. ఇవన్నీ ముందే కూడుకుని, మీ గరిష్ఠ మొత్తాన్ని వేలం వెబ్‌సైటులో నమోదు చేసి పడుకోండి. అవసరమైనంత మేరకే అది పాటను పెంచుతుంది. అర్ధరాత్రి చివరి నిమిషంలో పంతానికి పాడేవారే ఎక్కువ పోగొట్టుకుంటారు.

బయొనెట్ మాత్రం వదిలేయండి. 1907 నమూనా అలుగు (పిడి కాక మిగిలిన కత్తి భాగం) 17 అంగుళాలు ఉంటుంది. 2016 ఆయుధ నియమావళి 9 అంగుళాలు మించిన అలుగున్న మారణాయుధాలను ఒక వర్గంగా చేర్చింది, లైసెన్సు లేకుండా విదేశాల నుంచి ఆయుధం తెప్పించడం నేరం. పార్సిలు ఖర్చు మిగులుతుందని రెండూ ఒకే పెట్టెలో తెప్పిస్తే, కత్తితోపాటు పతకాలు కూడా కస్టమ్స్‌లో చిక్కుకుపోతాయి. పతకాలు తెప్పించుకున్నాక వాటిని విదేశంలోని బంధువులకు పంపాలనిపించినా ఆగండి: నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 పురావస్తు చట్టం నిషేధిస్తుంది.

ప్రశ్న:

ధన్యవాదాలు సార్. అమ్మకందారు ఫొటోలు పంపారు. విక్టరీ మెడల్ అంచున పేరు స్పష్టంగా ఉంది. వెండి పతకం అంచు నున్నగా ఉంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఆ పేరు వెతికినా దొరకలేదు.

సమాధానం:

ఆ జాబితాలో మరణించినవారే ఉంటారు. ఆయన క్షేమంగా ఇంటికి తిరిగివచ్చి ఉంటారు, అంతే. నున్నని అంచు మాత్రం పేరు చెరిపేసిన గుర్తు. 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ఎన్నో వార్ మెడళ్లు కరిగించేశారు, కంచువి ఒంటరిగా మిగిలాయి. మీకు చూపిన జత తర్వాత కూర్చినదై ఉండవచ్చు. విక్టరీ మెడల్‌ను విడిగా ఇస్తారేమో అడగండి. ఇవ్వనంటే, పేరున్న ఆ ఒక్కదాని విలువకు వెండి తూకపు ధర కలిపి, అంతకు మించి పాడకండి.