అప్‌డేట్: అబార్షన్ పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకుని క్షమాపణ పొందడానికి) బిషప్ దగ్గరికే వెళ్లాలా అని అడిగాను కదా

పన్నెండేళ్ల కిందట అత్తింటివాళ్ల ఒత్తిడికి భయపడి అబార్షన్ చేయించుకున్నానని, "ఆ పాపం బిషప్ ఒక్కరే క్షమించాలి, నువ్వు శ్రీసభ (క్యాథలిక్ సంఘం) నుంచి వెలి అయినట్టే" అని ఒకావిడ అన్నప్పటి నుంచి చర్చిలో పూజప్పుడు ఇచ్చే సత్ప్రసాదం తీసుకోవడం మానేశానని రాశాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ఏ ఫాదర్ దగ్గరికైనా వెళ్లొచ్చు" అన్నవాళ్ల మాటే నిజమైంది. మా ఊళ్లో మొహం చెల్లక పక్క విచారణకు (వేరే ఫాదర్ చూసుకునే చర్చికి) వెళ్లాను. అక్కడి ఫాదరే ఇదంతా చెప్పారు. ఈ పాపాన్ని క్షమించే అధికారాన్ని పోప్ ఫ్రాన్సిస్ 2016 నవంబరులో ఫాదర్లందరికీ ఇచ్చారట. వెలి శిక్ష శ్రీసభ చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ తీవ్రమైన భయంతో చేసినా, అలాంటి శిక్ష ఉందని తన తప్పు లేకుండా తెలియకపోయినా, అది దానంతటదే పడదు. నా విషయంలో రెండూ ఉన్నాయి. "పాపం మాత్రం పాపమేనమ్మా" అని కూడా అన్నారు. తేలిగ్గా కొట్టిపారేసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

బిషప్‌గారికి రాసిపెట్టుకున్న ఉత్తరం అవసరమే రాలేదు. క్షమాపణకు గుణదల (విజయవాడలోని మరియమాత పుణ్యక్షేత్రం) మొక్కు కూడా షరతేమీ కాదు, ఫిబ్రవరి తిరునాళ్లకు ఎలాగూ వెళ్తాను. ప్రాయశ్చిత్తంగా ఒక జపమాల చెప్పమన్నారు, అంతే. మొన్న ఆదివారం సత్ప్రసాదం తీసుకున్నాను.